మూడు ఇంటూలు

షికాగో నది మీద వంతెన ఎత్తే ఉద్యోగం నాది.
ఇసుక పడవ దూరంగా కూతేస్తే
గంట కొట్టి, కార్లని ఆపి, మీట లాగుతాను.
రోడ్డు నిటారుగా లేచి నిలబడుతుంది,
పెద్దమనిషి గదిలోకొస్తే కుర్చీలోంచి లేచినట్టు.

నేను ఏ పరీక్షా రాయలేదు.
రాసింది స్టాసిస్ వలైటిస్,
చిన్న కాగితమ్ముక్క మీద:
"జిగ్మంట్ పియెత్రోవ్యాక్. మనవాడు. చూడగలరు."
అది పట్టుకుని, సమాధిరాళ్ళ కొట్టు పైనున్న
వార్డు ఆఫీసు మెట్లెక్కాను.
గారిటీ గారు తలెత్తలేదు.
"ఇంట్లో ఎన్ని ఓట్లు?"
"నాలుగండీ."
"సోమవారం రా."

స్టాసిస్‌కి నీళ్ళ శాఖలో మీటర్లు చూసినందుకు జీతం.
ఏ మీటరూ అతని మొహం చూసి ఎరగదు.
అతను చూసేది మమ్మల్ని.
కోటు జేబులో నల్ల నోటుబుక్కు,
అందులో మూడువందల చిల్లర గడపలు:
ఎవరి చెత్తడబ్బాకి మూత పోయిందో,
ఎవరి కొడుకు ఏ ఠాణాలో తెల్లారేదాకా కూర్చున్నాడో,
ఎవరింట్లో బొగ్గు అయిపోయి
పిల్లలు కోట్లతోనే పడుకుంటున్నారో.
అడక్కముందే వచ్చేవాడు. అదే భయం.

ఆ జనవరిలో మంచు నడుం లోతు పడింది.
బస్సులు ఎక్కడివక్కడ తెల్లదిబ్బలైపోయాయి.
మూడోరోజు తెల్లవారుజామున అమ్మ పోయింది.
ముందుగదిలో పడుకోబెట్టి కిటికీ తెరిచి ఉంచాం.
శవపేటికల వాడు ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు:
బండి కదలదు బాబూ.

స్టాసిస్‌కి ఎవరు చెప్పారో తెలీదు.
మధ్యాహ్నానికి కార్పొరేషన్ మంచుబండి,
ఆసుపత్రి వీధికే ఇంకా పోని బండి,
మా సందులోకి గర్రుమంటూ వచ్చింది.
పక్క మెట్టు మీద నిలబడి అతను చెయ్యి ఊపుతున్నాడు,
ఎడమకి, ఇంకా ఎడమకి.
ఆ దారినే అమ్మ చర్చికి వెళ్ళింది.

ఏప్రిల్లో ఎన్నికలు.
పార్టీ ఇచ్చిన ఉద్యోగం చేసేవాళ్ళం
ఆ రోజు సెలవు పెట్టి మరీ పార్టీ పని చెయ్యాలి.
చర్చి నేలమాళిగలో, కాఫీ మరకల బల్ల దగ్గర,
ఓటర్ల చీటీలు కట్టలు కడుతున్నాను.
నూట పన్నెండోది.
అపొలోనియా పియెత్రోవ్యాక్.
కింద సంతకం.

అమ్మకి సంతకం రాదు.
ఆవిడ పుట్టిన ఊళ్ళో బడి దొరగారి పిల్లలకే.
ఇక్కడ, పందిమాంసం ఫ్యాక్టరీలో కూలి తీసుకున్నప్పుడూ,
నన్ను బళ్ళో వేసినప్పుడూ,
నాన్న శవాన్ని అప్పగించినప్పుడూ
మూడు ఇంటూలు పెట్టేది,
నాలిక కొస బయటపెట్టి, మహా శ్రద్ధగా.
మూడోది ఎప్పుడూ కొంచెం కుంటేది.

ఈ సంతకం ఎంత బావుందో!
ఇంటిపేరు చివరి అక్షరం తోక
కొక్కెంలా పైకి తిరిగి ఉంది.
ఆ కొక్కెం నాకు తెలుసు.
పదకొండేళ్ళుగా దానికే వేలాడుతున్నాను, నది మీద.

తలెత్తాను.
స్టాసిస్ నా వైపే చూస్తున్నాడు.
మంచు కరగడానికి వీధిలో చల్లిన ఉప్పు
అతని బూట్ల మీద ఇంకా తెల్లగా ఉంది.
నేను తిన్నది వేరే ఉప్పు.

"మా అమ్మ ఇలా పెట్టదు," అన్నాను.
పక్కన ముసలావిడ లెక్కపెట్టడం ఆపేసింది.
అతను కసరలేదు, బెదిరించలేదు.
జేబులోంచి కలం తీసి, మూత విప్పి,
నా ముందుకు చాపాడు,
చలిలో సిగరెట్టు ఇచ్చినట్టు.

రాత్రికి గెలిచాం.
రెండువందల తొంభై ఒకటికి పద్నాలుగు.
ఆ పద్నాలుగు మంది ఎవరో కనుక్కోమన్నారు గారిటీ గారు.

మర్నాడు పొద్దున్నే పడవ కూత.
మీట లాగాను, రోడ్డు లేచి నిలబడింది.
నూట పన్నెండో చీటీ ఏ గోదాములో ఉందో గానీ
దాని మీద సంతకం పక్కన
ఇప్పుడు మూడు ఇంటూలున్నాయి.
మూడోది కుంటాలని నేను ప్రయత్నించలేదు.
దానంతటదే కుంటింది.